తెల్లగా ఉంటే స్పానిష్ గుర్రమేనా?

ప్రశ్న: హనుమకొండలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన ఆరేళ్ల తెల్ల మగ గుర్రం అమ్ముతున్నాడు. ‘ప్యూర్ స్పానిష్’ అంటాడు. తొమ్మిది లక్షలట, సగం బయానా ఇప్పుడే ఇవ్వాలట. కాగితాలంటే ఒక లామినేషన్ సర్టిఫికెట్ చూపించాడు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బయానా ఇప్పుడే ఇవ్వకండి, ముందు గుర్రం చర్మం కింద ఉండే గుర్తింపు చిప్ చదివించండి. స్పానిష్ శుద్ధ జాతికి (పురా రాసా ఎస్పాన్యోలా) 1912 నుంచి వంశావళి పుస్తకం ఉంది. స్పెయిన్ వ్యవసాయ శాఖ తరఫున ఏఎన్‌సీసీఈ అనే పెంపకందారుల సంఘం దాన్ని నడుపుతోంది. తల్లీతండ్రీ ఇద్దరూ అందులో ఉండి, డీఎన్‌ఏ కలిస్తేనే పిల్లను ఎక్కిస్తారు. స్పెయిన్ బయట పుట్టినవాటికీ నమోదు ఉంది కాబట్టి ‘ఇక్కడే పుట్టింది, అందుకే కాగితాల్లేవు’ అనే మాట చెల్లదు.

చిప్ మెడకు ఎడమవైపు, జూలు కిందుగా ఉంటుంది. నంబరు 15 అంకెలు. కుక్కలకు వాడే స్కానరే చాలు. మామునూరు వెటర్నరీ కాలేజీలో అడగండి, లేదా స్కానర్ ఉన్న డాక్టర్‌ను తీసుకెళ్లండి. నంబరు గుర్రం పాస్‌పోర్టు (గుర్తింపు పుస్తకం)లోని దానితో కలవాలి. కలిసినా, అదే నంబరును ఆ సంఘానికి మెయిల్ చేసి ఖాయం చేసుకున్నాకే డబ్బు. దిగుమతి గుర్రమైతే కేంద్ర పశుసంవర్ధక శాఖ అనుమతి, క్వారంటైన్ విడుదల పత్రం, కస్టమ్స్ బిల్లు కూడా చూపించాలి. లామినేషన్ ఎవరైనా చేయించొచ్చు.

ఇక కంటితో చూసేవి. స్పానిష్ గుర్రాల్లో ఎక్కువ భాగం ముదురు రంగులో పుట్టి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లబడతాయి. ఆరేళ్లకు చాలావాటికి బూడిద చుక్కలు మిగిలే ఉంటాయి. వెంట్రుక తెల్లబడినా కింద చర్మం నల్లగానే ఉంటుంది. మూతి, కళ్ల చుట్టూ, తోక కింద చూడండి. అక్కడంతా గులాబీ రంగుంటే అది పంజాబ్ వైపు నుంచి వచ్చే నుక్రా అనే తెల్ల గుర్రం అయ్యే అవకాశమే ఎక్కువ. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలితే మన దేశపు జాతులైన మార్వాడీయో కాఠియావాడీయో కలిసిందనుకోండి. ఈ గుర్తులు ‘కాదు’ అనడానికే పనికొస్తాయి, ‘అవును’ అనడానికి కాదు. తోక ఎత్తినప్పుడు కింద గట్టి గడ్డలూ తడిమి చూడండి. తెల్లబడే గుర్రాలకు అక్కడ మెలనోమా (ఒక రకం చర్మ కణితి) మామూలు.

చిప్ లేకపోతే అది చెడ్డ గుర్రమని కాదు. నచ్చితే తీసుకోండి, కానీ స్పానిష్ ధర పెట్టకండి.

ప్రశ్న: కొనేముందు ఆరోగ్యం విషయంలో ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గ్లాండర్స్, ఈక్విన్ ఇన్‌ఫెక్షియస్ అనీమియా అనే రెండు అంటురోగాల పరీక్షలకు రక్తం హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపించాలి. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని మీ షెడ్‌లోకి రానివ్వకండి. గ్లాండర్స్ మనుషులకూ సోకుతుంది, తేలితే గుర్రాన్ని చంపక తప్పదు.

కుంటు కోసం సీసీ రోడ్డు మీద ట్రాట్‌లో (నెమ్మది పరుగులో) నడిపించండి. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేల తాకగానే తల పైకి లేస్తుంది. నొప్పి ఇంజెక్షన్ చేసి చూపించేవాళ్లున్నారు. అందుకే చెప్పకుండా పొద్దున్నే వెళ్లి, కొట్టం నుంచి బయటికి వేసే మొదటి పది అడుగులు చూడండి.

వయసు పళ్లలో తెలుస్తుంది. అయిదేళ్లు వచ్చేసరికి ముందుపళ్లన్నీ శాశ్వతమైనవి వచ్చేస్తాయి. పై వరుస ముందుపళ్లలో చివరిదానికి చిగురు దగ్గర నిలువు గాడి పదేళ్ల ప్రాంతంలో మొదలై, పదిహేనేళ్లకు పంటి సగం దాకా దిగుతుంది. ఆరేళ్లని చెప్పిన గుర్రానికి గాడి కనిపించిందా, బేరం ఆపేయండి.

ప్రశ్న: మా దగ్గర వరిగడ్డి బోలెడు. అదే వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: సరిపోదు. పోషణ తక్కువ, పేగుల్లో గట్టిపడి కడుపునొప్పి తెస్తుంది. 450 కిలోల గుర్రానికి రోజుకు 7 నుంచి 9 కిలోల ఎండుగడ్డి కావాలి. ఎండాకాలం ఉప్పు 30 నుంచి 50 గ్రాములు, నీళ్లు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. మేత మార్చేటప్పుడు వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి.