సీవోపీడీ, గురక ఉన్న మనిషికి మతిమరుపు ముదురుతుందేమో రక్తపరీక్షలో తెలుస్తుందా?

మీ మామగారికి సీవోపీడీ (గాలిదారులు ఇరుకై ఊపిరి ఆడని ఊపిరితిత్తుల జబ్బు), గురక రెండూ ఉన్నాయని, ఈ మధ్య మరుపు ఎక్కువైందని, మెదడు సంగతి రక్తంలో ముందే తెలుస్తుందా అని అడిగినారు. మా నాయనకు జరిగింది చెప్తాను.

మాది తాడిపత్రి. నాయన ముప్పై ఏళ్లు బండల పాలిష్ ఫ్యాక్టరీలో చేసినాడు. ఆ దుమ్ముకు తోడు బీడీలు. లోడు లెక్క ఆయనదే. బండ పొడవు, వెడల్పు కంటితో చూసి ఎన్ని అడుగులో నోటితోనే చెప్పేవాడు. మూడేళ్ల కింద ఒక మధ్యాహ్నం క్యారియర్ తీసుకొని పోతే, సుద్దముక్క పట్టుకొని బండ ముందర కూర్చోనున్నాడు. రాసేది, అరచేత్తో తుడిచేది, మళ్లీ రాసేది. అవతల లారీ హారన్ మోగుతానే ఉంది. నా పక్క చూసి "లెక్క తలకాయలో నిలబడల్యామ్మా" అన్నాడు. ఆ అరచేతి నిండా ఉన్న సుద్ద ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

చుట్టాలంతా వయసు మీద పడిందన్నారు. 62కే ఏం వయసు? ఒక ల్యాబువాళ్లు మెదడు ప్యాకేజీ అని వేలల్లో చెప్పినారు. ఇంట్లో పడున్న పాత రిపోర్టులో హిమోగ్లోబిన్ 18.6 ఉంది. రక్తం బాగా పట్టిందని అందరం సంతోషపడినాము. ఆక్సిజన్ చాలక ఒళ్లు ఎర్రకణాలు పెంచుకుంటోందని ఒక్కరన్నా చెప్పలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దీనికే.

అనంతపురంలో ఊపిరితిత్తుల డాక్టరు మణికట్టు దగ్గర ధమనిలోంచి రక్తం తీయించినారు, దీన్నే ఏబీజీ అంటారు. కార్బన్ డయాక్సైడ్ 35-45 మధ్య ఉండాల్సింది 61 ఉంది. రాత్రి వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 70ల్లోకి దిగింది. గురక మధ్యలో ఊపిరే ఆగిపోతోంది. మన ఇళ్లలో గుర్రు పెడితే హాయిగా నిద్రపోతున్నాడంటాం, పొద్దున్నే తలనొప్పంటే కాఫీ ఇస్తాం.

కొత్త పరీక్షలు లేకపోలేదు. న్యూరోఫిలమెంట్ లైట్ అనే ప్రొటీన్ నరాల కణాలు దెబ్బతింటే రక్తంలో పెరుగుతుంది. కానీ దెబ్బ దేనివల్లో చెప్పదు, వయసుతోనూ పెరుగుతుంది. పీ-టావ్ 217 అనే ప్రొటీన్ అల్జీమర్స్‌కు సంబంధించింది. దాన్ని లెక్కలోకి తీసుకునే రక్తపరీక్షకు 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, అదీ 55 ఏళ్లు నిండి లక్షణాలున్నవాళ్లకే. ఊపిరి చాలక మందగించిన మెదడును పట్టిచ్చేవి కావు ఇవి. ముందు ఏబీజీ, హిమోగ్లోబిన్, బైకార్బొనేట్ (కార్బన్ డయాక్సైడ్ చాన్నాళ్లుగా పేరుకుంటోందా అని చూసేది), బి12, థైరాయిడ్, నిద్ర పరీక్ష చేయించండి. నేనైతే ఇదే వరుస అంటాను.

నాయనకు బైపాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి నెట్టే మిషను) పెట్టినారు. మొదటి వారం మాస్కు పీకేసేవాడు, అమ్మ రాత్రంతా చెయ్యి పట్టుకొని కూర్చునేది. కరెంటు పోతే మా గుండె ఆగినంత పనయ్యేది. ఆరు నెలలకు, వంటింట్లో బండలు వేయిస్తుంటే, మేస్త్రీ పద్నాలుగు, ఎనిమిది అన్నాడో లేదో, మంచం మీద నుంచే "నూటపన్నెండు" అన్నాడు.

ల్యాబుకు పోయేముందు మీ మామగారి గురక రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి.