అడవి మీద ఇష్టమున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. నీట్ రాయనని, వన్యప్రాణుల గురించే చదువుతానని పట్టుబడుతోంది. అడవులు పట్టుకుని తిరగడం ఏం ఉద్యోగమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. మేమేం చెయ్యాలి? – ఒక తల్లి, గాజువాక

జవాబు: పెద్దవాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, మొదటి కొన్నేళ్లు ప్రాజెక్టు ఉన్నంతకాలమే జీతం. అయితే పనికి కొదవ లేదు. ప్రపంచ భూభాగంలో 2.4 శాతమే ఉన్న మన దేశంలో, నమోదైన జీవజాతుల్లో 7, 8 శాతం ఉన్నాయి.

ముందు ఆమె ఇష్టం ఏపాటిదో తేల్చుకోండి. శీతకాలం చివర్లో మన విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి, ఒక్కో గుంతలో వంద దాకా గుడ్లు పెట్టి వెళతాయి. అటవీశాఖవారు ఆ గుడ్లను హేచరీకి, అంటే గుడ్లను కాపాడి పిల్లలు చేయించే చోటికి, తెచ్చి ఇసుకలో పాతిపెడతారు. పుట్టేది ఆడదో మగదో ఇసుక వేడిని బట్టి ఉంటుంది, వేడి పెరిగితే ఆడవే ఎక్కువ. అందుకే గుంత గుంతకూ తేదీ, లోతు, ఉష్ణోగ్రత రాసుకుని, నెలన్నర, రెండు నెలల తర్వాత ఎన్ని పిల్లలయ్యాయో లెక్కపెట్టడమే అక్కడి అసలు పని. పిల్లలను సముద్రంలోకి వదిలే రోజు ఫోటోల కోసం అందరూ వస్తారు, లెక్కలు రాసే రాత్రులకు ఎవరూ రారు. అటవీశాఖ అనుమతితో ఆమెను అలాంటి పనిలో కొన్నాళ్లు ఉంచండి, విసుగు పుట్టకపోతే ముందుకెళ్లవచ్చు.

డిగ్రీలో జువాలజీ లేదా బోటనీ తీసుకోమనండి. స్టాటిస్టిక్స్‌ను మాత్రం వదలనివ్వకండి. మ్యాథ్స్ తప్పించుకోవడానికి బైపీసీలో చేరిన పిల్లలు తర్వాత ఇక్కడే ఆగిపోవడం చాలాసార్లు చూశాను. పీజీకి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంటిపక్కనే ఉంది. వన్యప్రాణి శాస్త్రంలోనే ఎమ్మెస్సీ కావాలంటే డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయోలాజికల్ సైన్సెస్) ఉన్నాయి కానీ సీట్లు బహు తక్కువ. యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు జువాలజీ, బోటనీ డిగ్రీలు పనికొస్తాయి, ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడిగానే జరుగుతుంది. పెద్దవాళ్లకు ఈ దారి చెబితే కాస్త మెత్తబడతారు.

ఇంకొకటి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది, అదీ స్థానికుడొకరి చేతికి చిక్కడం వల్ల. పిట్టల తెలుగు పేర్లు తెలిసి, పల్లెల్లో కూర్చుని మాట్లాడగలిగే అమ్మాయికి అది కూడా అర్హతే. ఆదివారాలు విశాఖలోని కంబాలకొండ అడవికి ఒక నోటుపుస్తకంతో వెళ్లి, చూసిన ప్రతి పిట్టకూ తెలుగు పేరు, శాస్త్రీయ నామం రెండూ రాసుకోమనండి.