మందు మానేసి ఆరేళ్లు.. అయినా ఈ వెలితి ఎందుకు?

ప్రశ్న: నా వయసు 47. మద్యం మానేసి ఆరేళ్లు దాటింది. లివర్ పరీక్షలన్నీ నార్మల్. కానీ మనసులో ఏదో వెలితి. చిన్నదానికే కోపం వస్తోంది. ఇప్పటికీ నేను ఇంట్లో అడుగుపెట్టగానే పిల్లలు టీవీ సౌండ్ తగ్గించేస్తారు. ‘తాగే రోజుల్లోనే నయం, కనీసం నవ్వేవారు’ అని మా ఆవిడ ఓసారి అనేసింది. ఆధ్యాత్మికత వైపు వెళ్లమని స్నేహితుడు చెబుతున్నాడు. నాకు దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు. ఏం చేయాలి? - ఓ పాఠకుడు

జవాబు: ఆరేళ్లు ముట్టకుండా ఉండటం మామూలు విషయం కాదు. అయిదేళ్లు దాటినవారు మళ్లీ తాగుడులో పడటం అరుదని, తాగుడు అలవాటున్న మగవాళ్లను దశాబ్దాల పాటు గమనించిన అమెరికా సైకియాట్రిస్ట్ జార్జ్ వేలంట్ తేల్చారు. అరుదు అన్నారు గానీ అసలే జరగదని కాదు. అందుకే ‘ఇప్పుడు ఒక్క పెగ్గు ఏం చేస్తుంది’ అని పరీక్ష పెట్టుకోకండి.

ముందు వైద్యం సంగతి. తాగుడు వల్ల వచ్చిన దిగులు సాధారణంగా మానేసిన కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. ఆరేళ్ల తర్వాత కూడా వెలితి, చిరాకు ఉన్నాయంటే వాటిని పాత మందు ఖాతాలో వేయలేం. డిప్రెషన్ ఉందేమో సైకియాట్రిస్టుకు చూపించుకోండి. థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. నిద్ర సరిగా పడుతోందో లేదో చెప్పండి. డిప్రెషన్ మందులు మద్యంలా మత్తు ఇచ్చేవి కావు, భయం వద్దు. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనుక్కోవద్దు. వాటిలో కొన్ని, మీలాంటివారికి తేలిగ్గా అలవాటవుతాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఇంట్లోవాళ్లకు చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక మీ ఇంటి సంగతి. మానేసినా గుణం మారని స్థితిని కోలుకుంటున్నవాళ్లు తమలో తాము ‘డ్రై డ్రంక్’ అంటుంటారు. జబ్బు పేరు కాదు, కాస్త మొరటు మాటే గానీ విషయం చెబుతుంది. కోపమొచ్చినా, అవమానం అనిపించినా, బోర్ కొట్టినా తాగే రోజుల్లో మీ దగ్గర ఉన్న మందు ఒకటే, మద్యం. అది పోయింది, దాని చోట వేరేదేదీ రాలేదు. మీ ఆవిడ మాటను నిందగా తీసుకోకండి. ఆవిడ కోరుకుంటున్నది సీసాను కాదు, మీ నవ్వును.

ఆ టీవీ సౌండ్ విషయం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తాగే ఇంట్లో పిల్లలు తలుపు చప్పుడును బట్టి నాన్న ఏ స్థితిలో వచ్చాడో పసిగడతారు. మీరు మానేసినా వాళ్ల చెవులు ఇంకా కాపలా కాస్తున్నాయి. ‘సారీ’ అంటే పోయేది కాదది. తాగిన రోజుల్లో ఆ మాట వాళ్లు వందసార్లు విని ఉంటారు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంస్థ చెప్పే 12 మెట్లలో తొమ్మిదోది ఇదే: నొప్పించినవారికి నేరుగా, వారికి గానీ ఇతరులకు గానీ మరింత హాని జరగదనుకుంటేనే, జరిగినదాన్ని సరిదిద్దడం. అంటే చెప్పిన టైముకు రావడం, గొంతు పెరుగుతుంటే ‘పది నిమిషాల్లో వస్తా’ అని చెప్పి లేచి వెళ్లి, నిజంగానే పది నిమిషాల్లో తిరిగి రావడం. పదో మెట్టు ప్రకారం, ఈరోజు ఎవరి మీద విసుక్కున్నానో రాత్రి లెక్క చూసుకుని, తప్పు నాదైతే వెంటనే ఒప్పుకోవడం. ఆధ్యాత్మికత అంటే నాకు తెలిసింది ఇదే.

దేవుడి మీద నమ్మకం లేదన్నారు. ఫర్వాలేదు. 1935లో మొదలైన ఆ సంస్థ కూడా ‘మాకు అర్థమైన దేవుడు’ అనే రాసుకుంది. కొందరు ఆ చోట తమ బృందాన్నే పెట్టుకుంటారు. స్విస్ సైకియాట్రిస్ట్ కార్ల్ యుంగ్ 1961లో ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరికి రాసిన ఉత్తరంలో, తాగుడు దాహం వెనక ఉన్నది సంపూర్ణత కోసం పడే దాహమేనని అన్నారు. లాటిన్‌లో మద్యానికీ ఆత్మకూ మాట ఒకటేనని గుర్తుచేశారు. మీ వెలితి బహుశా ఆ దాహమే. ధ్యానమో, బృందమో, కొత్తగా మానేసినవాడి పక్కన గంటసేపు కూర్చోవడమో ఏదో ఒకటి మొదలుపెట్టండి. చివరిది చాలామందికి బాగా పనిచేయడం నేను చూశాను.

సైకియాట్రిస్టు దగ్గరికి పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. మీ ఆవిడనూ వెంట రమ్మనండి. ‘నవ్వేవారు’ అన్న ఆ మాట ఆవిడ నోటితోనే డాక్టరు వినాలి.