మూడు కంప్యూటర్లు, ఒకే సెట్టింగులు

ప్రశ్న: ఆఫీసులో మ్యాక్, ఇంట్లో ఉబుంటు, పైగా అద్దె సర్వర్ ఒకటి. ఒకచోట రాసుకున్న అలియాస్ (పొడవైన కమాండుకు పెట్టుకునే పొట్టి పేరు) మిగతా రెండింట్లో మళ్లీ రాయాల్సి వస్తోంది. సొంత ప్రాజెక్టు కమిట్లు (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే గిట్ టూల్‌లో చేసే నమోదులు) ఆఫీసు ఈమెయిల్‌తో వెళ్లిపోతున్నాయి. దారేమిటి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్‌ఫైల్స్’ అని ఒక ఫోల్డర్ పెట్టి గిట్‌లో ఉంచండి. లోపల బాష్ (కమాండ్లు నడిపే షెల్), గిట్, విమ్ (ఎడిటర్) అని విడివిడి ఫోల్డర్లు చేసి అసలు సెట్టింగుల ఫైళ్లు వాటిలోకి మార్చండి. డాట్‌ఫైల్స్‌లోకి వెళ్లి ‘స్టో బాష్’ అని కొడితే, గ్నూ స్టో అనే టూల్ హోమ్‌లో .బాష్‌ఆర్‌సీ (బాష్ సెట్టింగుల ఫైలు) పేరుతో సింబాలిక్ లింకు (అసలు ఫైలు వైపు చూపే గుర్తు) వేస్తుంది. లింకు పడేది పై ఫోల్డర్‌లో కాబట్టి డాట్‌ఫైల్స్ నేరుగా హోమ్‌లోనే ఉండాలి.

ఉబుంటులో .బాష్‌ఆర్‌సీ ముందే ఉంటుంది. స్టో దాని జోలికి పోకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పాతదానికి పేరు మార్చి మళ్లీ కొట్టండి. ‘అడాప్ట్’ ఆప్షన్ వాడమని చాలామంది చెబుతారు. అది ఆ కంప్యూటర్‌లోని ఫైలును తెచ్చి రిపోలో (గిట్‌లో ఉన్న మీ డాట్‌ఫైల్స్ ఫోల్డర్‌లో) మీరు రాసుకున్నదాని మీద పెట్టేస్తుంది. వాడక తప్పకపోతే ముందు కమిట్ చేసి, తర్వాత గిట్ డిఫ్‌తో ఏం మారిందో చూసుకోండి.

అసలు గండం ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) దగ్గర. హోమ్‌లో .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ లేకపోతే స్టో లోపలి ఫైలుకు కాక మొత్తం ఫోల్డర్‌కే లింకు వేస్తుంది. ఆ తర్వాత లాగిన్ కీలు తయారుచేసే ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ నడిపితే ప్రైవేట్ కీ వెళ్లి రిపోలో కూర్చుంటుంది. ‘గిట్ యాడ్’ చుక్క (అన్ని ఫైళ్లూ చేర్చే కమాండ్) కొట్టి, కమిట్ చేసి ఆన్‌లైన్ రిపోకు పుష్ చేశారంటే (పంపారంటే) కీ బయటకు పొక్కినట్టే. అందుకే ఆ ఫోల్డర్‌ను ముందే సృష్టించి, 700 పర్మిషన్ (మీకు తప్ప మిగతా యూజర్లకు అందకుండా) ఇచ్చి, ‘నో-ఫోల్డింగ్’ ఆప్షన్‌తో స్టో నడపండి.

ఇక ఈమెయిల్. గిట్ 2.13 నుంచి ‘ఇన్‌క్లూడ్‌ఇఫ్’ (షరతు కుదిరితే ఇంకో సెట్టింగుల ఫైలును చేర్చుకోవడం) ఉంది. .గిట్‌కాన్ఫిగ్‌లో పైన సొంత ఈమెయిల్, దాని కింద ‘గిట్‌డిర్:~/ఆఫీస్/’ షరతుతో (హోమ్‌లోని ఆఫీస్ ఫోల్డర్‌లో ఉన్న రిపోలకే) ఆఫీసు ఈమెయిల్ ఉన్న ఇంకో ఫైలు దారి ఇవ్వండి. ఈ వరస తారుమారైతే సొంత ఈమెయిలే నిలుస్తుంది, ఎందుకంటే చివర చదివిన విలువదే చెల్లుబాటు. ఆ ఆఖరి స్లాష్ మర్చిపోతే లోపలి రిపోలకు షరతు వర్తించదు. ఏ విలువ ఏ ఫైలు నుంచి వస్తోందో ‘షో-ఆరిజిన్’ ఆప్షన్ చూపిస్తుంది. పాత కమిట్లు మాత్రం ఇలా మారవు.

మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా నుంచి డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్, అది .బాష్‌ఆర్‌సీ చదవదు. అలియాస్‌లు వేరే ఫైల్లో పెట్టి రెండు షెల్స్ నుంచీ సోర్స్ చేయండి (అవి ఆ ఫైలును చదివేలా). ఆ కంప్యూటర్‌కే సంబంధించినవి, పాత్‌లు, ప్రాక్సీలు లాంటివి, గిట్‌లో చేరని .లోకల్ ఫైల్లో ఉంచి, అది ఉంటేనే చదివేలా ఒక ఇఫ్ రాసుకుంటే చాలు.

ప్రశ్న: పొరపాటున యాక్సెస్ టోకెన్ (పాస్‌వర్డ్‌లా పనిచేసే రహస్య కోడ్) పబ్లిక్ రిపోలోకి పుష్ చేశాను. వెంటనే తీసేసి ఇంకో కమిట్ చేశాను. సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సరిపోదు. పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. ముందు టోకెన్ రద్దు చేసి కొత్తది తీసుకోండి. హిస్టరీ శుభ్రం చేయడం తర్వాతి పని. దానికి గిట్-ఫిల్టర్-రిపో (పాత కమిట్లను తిరగరాసే టూల్) వాడి ఫోర్స్ పుష్ (ఆన్‌లైన్ కాపీ మీద మీ కాపీని బలవంతంగా పెట్టడం) చేయాలి. అప్పటికే క్లోన్ (కాపీ) చేసుకున్నవాళ్ల దగ్గర ఎలాగూ మిగిలిపోతుంది.