చిగుళ్లను ల్యాబ్‌లో పెంచే రంగానికి మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీడీఎస్ చివరి సంవత్సరం చదువుతోంది. నోటి కణజాలాన్ని ల్యాబ్‌లో పెంచి చిగుళ్లకు అతికించే పరిశోధన మీద మనసు పడింది. క్లినిక్ వదిలేసి ల్యాబ్‌లో కూర్చుంటే భవిష్యత్తు ఏమవుతుందోనని మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి గాల్లో మేడలు కట్టడం లేదండీ. చిగుళ్లు కిందికి జారి పంటి వేరు బయటపడిన పేషెంట్లకు ఇప్పటికీ అంగిలి నుంచి ముక్క కోసి అక్కడ కుట్టడమే మామూలు పద్ధతి. ఒక చోటి బాధకు రెండు చోట్ల గాయం. పైగా అంగిలి నుంచి తీయగలిగేది కొంతే, ఎక్కువ పళ్లకు చాలదు. ఆ రెండో గాయం తప్పించాలనే ఈ ప్రయత్నమంతా. 1975లో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవార్డ్ గ్రీన్ మనిషి చర్మ కణాలను డిష్‌లో పెంచే దారి చూపారు. నోటి పొరకూ అదే దారి పనికొచ్చింది. 2012లో జింట్యూయిట్ అనే ఉత్పత్తిని చిగుళ్ల చికిత్సకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆవు నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ మీద దాత కణాలతో పెంచిన పొర అది.

అయినా క్లినిక్‌లన్నీ దాని వైపు మళ్లలేదు. జీవమున్న కణాలను చెడకుండా పేషెంటు దాకా చేర్చడం, ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించడం బాగా ఖర్చుతో కూడిన పని. ఇక ల్యాబ్‌లో మొత్తం పన్నే పెంచేస్తారన్న వార్తలు చూసి మురిసిపోవద్దు. 2009లో జపాన్‌లో తకాషి త్సుజి బృందం అలా పన్ను మొలిపించింది చిట్టెలుక దవడలో.

అమ్మాయి ముందుగా తేల్చుకోవాల్సింది రోజువారీ పని తనకు సరిపడుతుందా అన్నది. కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, ఎంజైమ్‌తో పొరలు విడదీసి, కణాలను 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మధ్య పెంచాలి. కణాలకు ఆహారమైన గులాబీ రంగు ద్రవం (మీడియం) పసుపుకు తిరిగితే ఆమ్లం పెరిగినట్టు, వెంటనే మార్చాలి. తర్వాత అడుగున ద్రవం, పైన గాలి తగిలేలా ఉంచితే కణాలు వరుసల మీద వరుసలుగా పేరుకుంటాయి. ఆదివారమని అవి ఆగవు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా దూరితే మామూలు మైక్రోస్కోపులో కనబడదు, వారాల పని చెత్తబుట్టలోకి పోతుంది. అరగంటలో పన్ను నింపి ఫలితం కళ్లజూసే అలవాటున్న డాక్టర్లకు ఇది కష్టంగానే ఉంటుంది.

ఉద్యోగాలంటారా, ఎక్కువమంది అనుకునే చోట ఉండవు. మౌత్‌వాష్, టూత్‌పేస్ట్ నోటి పొరను మండిస్తాయా అని చూడటానికి ల్యాబ్‌లో పెంచిన పొరలు వాడతారు. కాస్మెటిక్స్‌ను జంతువుల మీద పరీక్షించి అమ్మడాన్ని 2013లో యూరప్ పూర్తిగా నిషేధించాక ఇలాంటి పరీక్షల అవసరం పెరిగింది. కణాల ఉత్పత్తులు తయారుచేసే, దుమ్మూ క్రిములూ చొరబడని గదులు (క్లీన్‌రూమ్‌లు), క్వాలిటీ, అనుమతుల విభాగాలకూ ఇదే నైపుణ్యం కావాలి. నోటికే పరిమితం కూడా కాదు: బుగ్గ లోపలి కణాలతో పెంచిన పొరను జపాన్ వైద్యులు దెబ్బతిన్న కార్నియాకు (కంటి ముందు పారదర్శక పొరకు) అతికించి, ఆ ఫలితాలను 2004లోనే ప్రకటించారు.

నా మాట అడిగితే, బీడీఎస్ పూర్తయ్యాక చిగుళ్ల విభాగం పీరియోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసి, ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్లమంటాను. నేరుగా పీహెచ్‌డీ చేస్తే సంవత్సరాలు కలిసొస్తాయి, కాదనను. కానీ సూది గుచ్చగానే చిరిగిపోయే పొర మైక్రోస్కోపు కింద ఎంత బాగుంటే ఏం లాభం? ఆ సంగతి పేషెంటుకు కుట్లు వేసిన చేతికే తెలుస్తుంది. ల్యాబ్ నచ్చకపోతే క్లినిక్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మీ టెన్షనూ సగం తగ్గుతుంది.

అంతకంటే ముందు, ఇంటర్న్‌షిప్ అయ్యాక రెండు మూడు నెలలు సెల్ కల్చర్ ల్యాబ్‌లో పని చేయనివ్వండి. చేరేముందు గైడ్‌తో మాట్లాడితే సరిపోదు, అక్కడి పీహెచ్‌డీ విద్యార్థులతోనూ విడిగా మాట్లాడమనండి. కల్చర్ గది వాళ్ల సొంతమేనా, పక్క విభాగం నుంచి అరువా, పేషెంట్ల కణజాలం వాడటానికి ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉందా అని అడగాలి. ఆ అనుమతి కోసమే నెలల తరబడి ఎదురుచూస్తున్నామని వాళ్లు చెబితే, మరో ల్యాబ్ చూసుకోవడం మంచిది.