హరిత దళంలో తిరుగుతోంది.. చదువు సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండ జిల్లాలో తొమ్మిదో తరగతి చదువుతోంది. బడిలో హరిత దళం సభ్యురాలు. ఇన్నాళ్లూ మొక్కలు నాటడం, ర్యాలీలతో సరిపోయేది. ఇప్పుడు ఊళ్లో బోరు నీళ్లు పరీక్షిస్తామంటున్నారు. వచ్చే ఏడాది పదో తరగతి. ‘దీనివల్ల ఒరిగేదేముంది, మార్కులు పోతాయి’ అంటున్నారు బంధువులు. మాన్పించమంటారా? పర్యావరణం వైపే వెళ్తానంటే ఇంటర్‌లో ఏ గ్రూపు ఇప్పించాలి? – ఒక తల్లి

జవాబు: మాన్పించకండి. కాకపోతే మీ బంధువుల మాటలో కొంత నిజముంది. ముందు అది చెప్పుకుందాం. ఈఏపీసెట్, జేఈఈ, నీట్‌లలో హరిత దళం సర్టిఫికెట్‌కు ఒక్క మార్కూ కలవదు. ఎన్‌సీసీకి, ఆటలకు ఉన్నట్టు సీట్లలో కోటా కూడా లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2001–02లో జాతీయ హరిత దళాన్ని మొదలుపెట్టింది పిల్లలు తమ చుట్టూ ఉన్న సమస్యను గమనించి, దాని మీద పనిచేయడం నేర్చుకోవాలని. అందుకే ర్యాలీలు, నినాదాల పోటీలు తగ్గించుకుని, ఒకే ఒక్క పనిని ఏడాది పాటు కొలతలతో సహా చేయనివ్వండి. రేపు ఇంటర్వ్యూలో పనికొచ్చేది ఆ కొలతలు రాసుకున్న నోటుపుస్తకమే.

నల్గొండలో ఉన్న అమ్మాయి బోరు నీళ్లను ఎంచుకోవడం నిజంగా మంచి ఆలోచన. పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ సమస్య మీకు నేను చెప్పాల్సింది కాదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఇంటింటికీ నల్లా నీరు ఇచ్చేందుకు కేంద్రం తెచ్చిన జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు నీటి పరీక్షల శిక్షణ ఇచ్చి, కిట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ పంచాయతీలో కిట్టు ఉందేమో సైన్సు టీచరుతో కలిసి కార్యదర్శిని అడగమనండి. ఉంటే కొనే ఖర్చు తప్పుతుంది, నేర్పే మనిషీ దొరుకుతారు.

పది, పన్నెండు బోర్లు చాలు. ఊరంతా చేయాలనుకుంటే మధ్యలో ఆగిపోతుంది. వీటితో పాటు ఒక మిషన్ భగీరథ నల్లా, ఒక ఆర్వో ప్లాంటు క్యాను నీళ్లు కూడా తీసుకుంటే పోల్చి చూడటానికి వీలుంటుంది. బోరును కనీసం అయిదు నిమిషాలు నడిపాకే నీళ్లు పట్టాలి. లేకపోతే పైపులో నిలవున్న నీటిని పరీక్షించినట్టవుతుంది. సీసా గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నింపి, మూత బిగించి, అక్కడికక్కడే చీటీ అంటించాలి: బోరు నంబరు, తేదీ, సమయం, లోతు ఎన్ని అడుగులు, తాగడానికి వాడుతున్నారా లేదా. బోరు లోతు యజమానికే తెలుస్తుంది కాబట్టి అడిగి రాసుకోవాలి. ఈ ఒక్క అంకె లేకపోతే తర్వాత ఎందుకు ఎక్కువ వచ్చింది, ఎందుకు తక్కువ వచ్చింది అని ఆలోచించడానికి ఆధారమే ఉండదు.

పిల్లలు ఎక్కువగా పొరపడేది ఫలితం చదివే దగ్గర. కిట్టులో రంగును పట్టికతో పోల్చాలి. ట్యూబులైటు కింద ఒకలా, పగటి వెలుతురులో ఒకలా కనిపిస్తుంది. నీడపట్టున, పగటి వెలుతురులో, ఇద్దరు విడివిడిగా చూసి రాయాలి. ఒకరిది మరొకరికి చూపించకూడదు. రసాయనం గడువు తేదీ దాటితే రంగే తప్పుతుంది. కొన్ని రసాయనాల్లో ఆమ్లం ఉంటుంది కాబట్టి చేతి తొడుగులు, పక్కన టీచరు తప్పనిసరి. ఇంకో తప్పు, టీడీఎస్ మీటరు పెట్టి ‘నీళ్లు బాగున్నాయి’ అని చెప్పేయడం. టీడీఎస్ అంటే కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెప్పే అంకె. అది 400 ఉన్న నీటిలోనూ ఫ్లోరైడ్ 2 ఉండొచ్చు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదని కూడా పిల్లలకు తెలియాలి, ఊళ్లో వాళ్లు మొదట అడిగేది అదే.

కిట్టులో 1.5 దాటినట్టు కనిపించిన నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపించమని కోరాలి. అక్కడి ఫలితం వచ్చేదాకా ఫలానా వాళ్ల బోరు మంచిది కాదని ఊళ్లో చెప్పకూడదు. ఆ యజమానికి, సర్పంచికి, కార్యదర్శికి చెబితే చాలు. ఇదే పరీక్ష వానలకు ముందు మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి చేస్తే ఊళ్లో ఎవరి దగ్గరా లేని సమాచారం మీ అమ్మాయి చేతిలో ఉంటుంది.

నీళ్ల పని కుదరకపోతే మధ్యాహ్న భోజనం మిగులుతో ఎరువు చేయడం కూడా మంచి పనే. అయితే చాలా బళ్లలో నెలకే వాసనొచ్చి మూతపడుతుంది. కారణం ఒకటే, తడి చెత్త ఎక్కువై ఎండుటాకులు తక్కువ కావడం. బుట్టెడు తడికి రెండు, మూడు బుట్టల ఎండుటాకులు పడాలి. పిడికిట పట్టి పిండితే చేయి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. వారానికోసారి తిరగేస్తే రెండు, మూడు నెలల్లో తయారవుతుంది. అన్నం, సాంబారు వేస్తే ఎలుకలు తప్పవు. కూరగాయల తొక్కులతోనే మొదలుపెట్టాలి. మొక్కలకు అసలు గండం వేసవి సెలవులు. నీళ్లు పోసేవాళ్ల పేర్లు వారాలవారీగా రాసిపెట్టుకోకపోతే జూన్‌లో వేసినవి మే నాటికి ఎండిపోతాయి. కానుగ, వేప, నేరేడు వేయమనండి. హరితహారంలో మొదట నాటి, తర్వాత ఆపేసిన కోనోకార్పస్ జోలికి వెళ్లొద్దు.

సమయం విషయానికొస్తే, ఇప్పుడు వారానికి మూడు గంటలు మించనివ్వకండి. పదో తరగతిలో దసరా తర్వాత కొత్త పని ఏదీ పెట్టుకోకూడదు. నవంబరు నమూనాలు ఒక ఆదివారం తీసి, లెక్కలు రాసి, పుస్తకం టీచరుకు అప్పగిస్తే సరిపోతుంది. ఈ పనినే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పంపవచ్చు. స్థానిక సమస్య మీద పిల్లలు స్వయంగా చేసిన పరిశోధననే అక్కడ చూస్తారు, 17 ఏళ్ల లోపు వారికి అవకాశం ఉంటుంది. కొత్త పరికరం ఆలోచన ఏదైనా తడితే, బడి పిల్లల ఆవిష్కరణల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలిస్తారు. నామినేషన్ బడి తరఫునే వెళ్లాలి కాబట్టి ప్రధానోపాధ్యాయులకు ముందే చెప్పి ఉంచండి.

ఇక గ్రూపు. ‘పర్యావరణం’ అనే పేరు చూసి కోర్సు ఎంచుకుంటే కొన్ని దారులు మూసుకుపోతాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు యూపీఎస్సీ అడిగే డిగ్రీ సబ్జెక్టుల జాబితాలో పర్యావరణ శాస్త్రం లేదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన, భౌతిక, భూగర్భ శాస్త్రాలు, గణితం, స్టాటిస్టిక్స్, పశువైద్యంలో ఏదో ఒకటి ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. బీఎస్సీలో పర్యావరణ శాస్త్రం తీసుకుంటే దాని పక్కన బోటనీయో కెమిస్ట్రీయో తప్పక ఉండేలా చూసుకోండి. డిగ్రీ అయ్యాక తెలిసి బాధపడేవాళ్లు ఉన్నారు.

జీవులు, అడవులు ఇష్టమైతే బైపీసీ. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలలో నాలుగేళ్ల ఫారెస్ట్రీ డిగ్రీ ఉంది. అయితే అటవీ శాఖ ఉద్యోగాలకు శరీర దారుఢ్యమూ కావాలి. ఫారెస్ట్ సర్వీస్‌లో మహిళలు 14 కిలోమీటర్లు, పురుషులు 25 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి.

మీ అమ్మాయికి నీళ్లు, కొలతలు, లెక్కలు నచ్చుతున్నట్టయితే ఎంపీసీ వైపు మొగ్గమంటాను. సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివినవారికి కాలుష్య నియంత్రణ మండళ్లలో, నీటి శుద్ధి కంపెనీల్లో పని ఉంటుంది. ఐఐటీ ధన్‌బాద్‌లో ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. చాలామందికి తట్టని దారి భూగర్భ జల శాస్త్రం. జియాలజీలో పీజీ చేసి, యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాస్తే కేంద్ర భూగర్భ జల మండలిలో శాస్త్రవేత్తగా చేరవచ్చు. ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలున్నాయి, హైదరాబాద్‌లోనే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. బోరు లోతుకూ ఫ్లోరైడ్‌కూ సంబంధమేమిటని తొమ్మిదో తరగతిలోనే ప్రశ్నించిన అమ్మాయికి ఈ చదువు కొత్తగా అనిపించదు.

గ్రూపు ఇప్పుడే ఖాయం చేయకండి. రెండు విడతల పరీక్షలు పూర్తయ్యాక ఆ నోటుపుస్తకం తెచ్చి మీ ముందు పెట్టమనండి. పట్టికలు, గ్రాఫులు, తేడాలెందుకొచ్చాయన్న రాతలు ఎక్కువగా ఉంటే ఎంపీసీ, చెరువులో ఏ పక్షులు వాలాయో, ఏ చెట్టు ఎప్పుడు పూసిందో రాసుకున్నవి ఎక్కువగా ఉంటే బైపీసీ గురించి అమ్మాయితో మాట్లాడండి.