టెక్ సందేహాలు: ఫైబర్ చూశాకే మాడ్యూల్ కొనండి

ప్రశ్న: మాది మియాపూర్‌లో మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్. 'ఏ' బ్లాక్‌లో సెక్యూరిటీ గది, కెమెరాల రికార్డర్ ఉన్నాయి. సీ బ్లాక్ అక్కడికి 180 మీటర్లు. క్యాట్-6 కేబుల్ లాగించాం గానీ ఆ బ్లాక్ కెమెరాలు మాటిమాటికీ ఆగిపోతున్నాయి. రెండు వైపులా స్విచ్చుల్లో ఎస్‌ఎఫ్‌పీ పోర్టులు (ఫైబర్ మాడ్యూల్ గుచ్చే గూళ్లు) ఖాళీగా ఉన్నాయి. ఫైబర్ వేద్దామని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్తే "సింగిల్ మోడా, మల్టీమోడా? ఎస్‌ఎక్సా, ఎల్‌ఎక్సా?" అని అడిగారు. ఏం చెప్పాలి?

జవాబు: ముందు ఒక మాట. మీ కెమెరాలు బాగానే ఉండి ఉంటాయి. ఈథర్‌నెట్‌లో రాగి కేబుల్‌కు ఉన్న హద్దు 100 మీటర్లు. 180 మీటర్లకు లాగితే ఒకరోజు పనిచేసినా మర్నాడు ఆగుతుంది. కాబట్టి ఫైబర్ వేయాలనుకోవడం సరైన నిర్ణయం. దూరం సంగతి పక్కన పెట్టినా నేను ఫైబరే వేయమంటాను. మన ఊళ్లో ఎండాకాలం చివర ఉరుములు మెరుపులతో వానలు పడతాయి. దగ్గర్లో పిడుగు పడితే బ్లాకుల మధ్య ఉన్న రాగి తీగలోకి ఒక్కసారిగా వోల్టేజీ వచ్చి స్విచ్ పోర్టులు కాలిపోతాయి. గాజు తీగలో కరెంటు పారదు, ఆ భయం ఉండదు. అయితే ఆర్మర్డ్ ఫైబర్‌కు పైన లోహపు తొడుగు ఉంటుంది. దాన్ని స్విచ్ దాకా రానివ్వకుండా భవనంలోకి వచ్చేచోటే ఎర్తింగ్ చేయించండి.

షాపులో మీరు చెప్పాల్సింది: "సింగిల్ మోడ్ ఫైబర్, రెండు 1జీ ఎల్‌ఎక్స్ మాడ్యూల్స్." సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి ఒకే దారిలో వెళ్తుంది, మల్టీమోడ్‌లో చాలా దారుల్లో. 1జీ అంటే సెకనుకు ఒక గిగాబిట్ వేగం. మాడ్యూల్స్‌లో ఎస్‌ఎక్స్ దగ్గరి దూరాలకు, ఎల్‌ఎక్స్ ఎక్కువ దూరాలకు. 850 నానోమీటర్ల కాంతితో పనిచేసే ఎస్‌ఎక్స్ కూడా మంచి మల్టీమోడ్ ఫైబర్ మీద 550 మీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి మీ 180 మీటర్లకు సరిపోతుంది. అయినా సింగిల్ మోడ్ అని ఎందుకంటున్నానంటే, ఈ పనిలో అసలు ఖర్చు గుంత తవ్వి పైపు వేయడానికే. ఫైబర్ భూమిలోకి వెళ్లాక పదిహేనేళ్లు అక్కడే ఉంటుంది. మాడ్యూల్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి మార్చుకోవచ్చు. రేపు 10జీ కావాలంటే అదే సింగిల్ మోడ్ మీద 10 కిలోమీటర్ల ఎల్‌ఆర్ మాడ్యూల్స్ పెట్టుకుంటారు, మళ్లీ తవ్వే పని లేదు. ప్రస్తుతానికి మీకు 1జీ చాలు. ఒక్కో కెమెరాకు 6 ఎంబీపీఎస్ వేసుకున్నా 50 కెమెరాలకు అయ్యేది 300 ఎంబీపీఎస్.

"కాస్త పవర్‌ఫుల్‌గా ఉంటుంది, 40 కిలోమీటర్లది తీసుకోండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అంత దూరం వెళ్లేలా చేసిన కాంతిని 180 మీటర్లకు పంపితే అవతలి రిసీవర్ తట్టుకోలేదు. చెవి పక్కన లౌడ్‌స్పీకర్ పెట్టి మాట్లాడితే మాట అర్థం కానట్టే డేటా చెడిపోతుంది, ఒక్కోసారి రిసీవరే పాడవుతుంది. ఎల్‌ఎక్స్‌తో ఈ ఇబ్బంది లేదు, దగ్గరి దూరానికి నిశ్చింతగా వాడొచ్చు.

మామూలు ఎల్‌ఎక్స్‌కు రెండు కోర్లు (కేబుల్ లోపలి గాజు తీగలు) కావాలి, పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి. మీరు కనీసం ఆరు కోర్ల కేబుల్ వేయించండి. ఒకటి తెగినా ఇంకోటి ఉంటుంది, లిఫ్ట్ ఇంటర్‌కమ్‌కో, గేటు దగ్గర బారియర్‌కో రేపు కావాల్సి వస్తుంది. ఒకే కోరు దొరికే చోట బైడై మాడ్యూల్స్ వాడతారు. వాటిని జతగానే కొనాలి. ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో వింటే, రెండోది 1550లో పంపి 1310లో వినాలి. రెండూ ఒకే రకం తెచ్చి పెడితే లైటు వెలగదు.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు వాడే ఆకుపచ్చ కనెక్టర్ మీరు చూసే ఉంటారు. దాని చివర 8 డిగ్రీల వాలుగా అరగదీసి ఉంటుంది. మీ మాడ్యూల్‌లోకి వెళ్లేది నీలిరంగు ఎల్‌సీ కనెక్టర్. నీలానికి ఆకుపచ్చ కలిపితే మధ్యలో సందు మిగిలి కాంతి పోతుంది. స్ప్లైసింగ్ (ఫైబర్ అతికే పని) చేసే కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పండి. సీ బ్లాక్ స్విచ్ టెర్రస్ మీద ఇనుప పెట్టెలో ఉంటే కొంచెం ఎక్కువ పెట్టి ఇండస్ట్రియల్ రకం మాడ్యూల్ తీసుకోండి. మామూలు వాటికి హద్దు 70 డిగ్రీలు, ఇండస్ట్రియల్‌కు 85. మే నెల మధ్యాహ్నం మూసిన పెట్టెలో, పనిచేసే స్విచ్ పక్కన వేడి ఎంత పెరుగుతుందో మీకు తెలియంది కాదు.

ప్రశ్న: బేగంపేటలో పాత భవనంలోకి ఆఫీసు మార్చాం. రెండో అంతస్తు నుంచి ఆరో అంతస్తుకు పాత ఫైబర్ ఉంది, నారింజ రంగుది. పైపుల చుట్టూ తిరిగి రావడంతో 90 మీటర్లకు పైనే ఉంటుంది. 10జీ ఎస్‌ఆర్ (దగ్గరి దూరాల రకం) మాడ్యూల్స్ కొన్నాం. "300 మీటర్లు" అని రాసి ఉంది. అయినా లింక్ నిలబడట్లేదు. మాడ్యూల్స్ డూప్లికేటా?

జవాబు: మాడ్యూల్స్‌ను అనుమానించేముందు కేబుల్ తొడుగు మీద ఏం ముద్రించారో చదవండి. ఎస్‌ఆర్‌కు 300 మీటర్లు అన్నది ఓఎం3 ఫైబర్ లెక్క (ఓఎం అంటే మల్టీమోడ్ ఫైబర్ తరగతి). ఓఎం4 అయితే 400. నారింజ రంగు మామూలుగా పాత ఓఎం1, ఓఎం2 లకు ఉంటుంది. తొడుగు మీద 62.5/125 అని ఉంటే ఓఎం1, దాని మీద 10జీ వెళ్లేది 33 మీటర్లు. 50/125 అని ఉండి రంగు నారింజే అయితే బహుశా ఓఎం2, దానికి 82 మీటర్లు. ఎలా చూసినా మీ 90 మీటర్లు హద్దు దాటినట్టే. పెట్టె మీద రాసే దూరం ఎప్పుడూ ఫలానా ఫైబర్ మీద అన్న షరతుతోనే ఉంటుంది. ఆ షరతు చిన్న అక్షరాల్లో ఉండటం వల్లే ఇంతమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఎల్‌ఆర్‌ఎం అనే రకం పాత మల్టీమోడ్ మీద 220 మీటర్ల దాకా వెళ్తుంది, కానీ చాలా స్విచ్చులు దాన్ని ఒప్పుకోవు. మీ మోడల్ జాబితాలో ఉందో లేదో చూశాకే కొనండి. నా సలహా మాత్రం, నాలుగు అంతస్తులే కదా, అదే షాఫ్ట్‌లో కొత్తగా సింగిల్ మోడ్ దించండి. అప్పటిదాకా 1జీ ఎస్‌ఎక్స్ పెట్టుకుంటే పాత ఫైబర్ మీదే హాయిగా నడుస్తుంది. అప్పుడు రెండు వైపులా 1జీయే ఉండాలి. ఒకవైపు 10జీ, ఇంకోవైపు 1జీ పెడితే రెండూ మాట్లాడుకుని వేగం తగ్గించుకోవడం ఫైబర్ మాడ్యూల్స్‌లో జరగదు.

ప్రశ్న: ఒకే ర్యాక్‌లో ఉన్న రెండు స్విచ్చులను 10జీతో కలపాలి. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే ఆర్‌జే45 మాడ్యూల్స్ వేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. (కాలేజీ ల్యాబ్, ఘట్‌కేసర్)

జవాబు: వాటి తీరే అంత. రాగి మీద 10జీ పంపడానికి ఎక్కువ కరెంటు తింటాయి, సాధారణంగా 30 మీటర్లకే పరిమితం. పక్కపక్క పోర్టుల్లో పెట్టకండి. మీ అవసరానికి రెండు చివర్లా మాడ్యూల్స్ బిగించే వచ్చే డ్యాక్ కేబుల్ ఒకటి, మీటరుదో రెండు మీటర్లదో కొనండి. చవక, వేడీ ఉండదు.

ప్రశ్న: ఒక వైపు సిస్కో, ఇంకో వైపు వేరే కంపెనీ స్విచ్. బ్రాండెడ్ మాడ్యూల్ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. కంపాటిబుల్ అని చవకగా అమ్మేవి వాడొచ్చా? రెండు వైపులా ఒకే బ్రాండ్ ఉండాలా? (నాచారం)

జవాబు: వాడొచ్చు. కలవాల్సింది ప్రమాణం. రెండు చివర్లా ఎల్‌ఆర్ అయితే ఎల్‌ఆర్, ఒకే వేగం, ఒకే రకం ఫైబర్. బ్రాండ్లు వేరైనా కాంతికి తేడా తెలియదు. అయితే ప్రతి మాడ్యూల్‌లో చిన్న మెమరీ ఉంటుంది. స్విచ్ అందులోని కంపెనీ పేరు చదివి, తనది కాదనిపిస్తే పోర్టు ఆపేస్తుంది. అందుకే కొనేటప్పుడు ఇటు మాడ్యూల్‌కు సిస్కో కోడింగ్, అటు మాడ్యూల్‌కు అవతలి కంపెనీ కోడింగ్ చేయించి తీసుకోండి. సిస్కో స్విచ్చుల్లో చాలావాటికి 'సర్వీస్ అన్‌సపోర్టెడ్-ట్రాన్సీవర్' అనే కమాండ్ ఉంది, అది ఇస్తే ఒప్పుకుంటాయి. కాకపోతే సమస్య వచ్చినప్పుడు సపోర్ట్ వాళ్లు మొదట మాడ్యూల్ మార్చమంటారు. ఒక జత ఒరిజినల్ బీరువాలో ఉంచుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

చవక మాడ్యూల్ అయినా డీడీఎం ఉన్నదే కొనండి. వస్తున్న కాంతి ఎంతో, మాడ్యూల్ వేడి ఎంతో స్విచ్‌లోనే కనిపిస్తుంది. 10జీ ఎల్‌ఆర్‌కు అందే కాంతి 0.5 నుంచి మైనస్ 14.4 డీబీఎం (కాంతి బలానికి కొలత) మధ్య ఉండాలి. మైనస్ 40 చూపిస్తే అసలు కాంతే రావట్లేదు, ఒక చివర ప్యాచ్ కార్డ్ (మాడ్యూల్‌కు గుచ్చే చిన్న ఫైబర్ తీగ) రెండు పిన్నులూ తారుమారు చేసి చూడండి. మైనస్ 13 దగ్గర ఊగుతుంటే మాడ్యూల్ మార్చేముందు కనెక్టర్ చివరలు ఫైబర్ క్లీనింగ్ పెన్నుతో తుడవండి, చాలాసార్లు దుమ్మే కారణం. వెలుగుతోందా అని ఫైబర్‌లోకి మాత్రం తొంగిచూడకండి. ఆ కాంతి కంటికి కనబడదు, ఎక్కువ దూరాల మాడ్యూల్ అయితే కన్ను దెబ్బతింటుంది.